శనివారం కొన్న బూట్లు

మా టేబుల్ టెన్నిస్ క్లబ్బులో ఒక మిత్రుడున్నాడు. ఇంజనీరుగా రిటైరయ్యాడు. వంతెనలు కట్టించినవాడు. లెక్క తప్పితే వంతెన కూలుతుందని తెలిసినవాడు. అయినా శనివారం నాడు ఇనుము కొనడు, నూనె కొనడు, చెప్పులు అసలే కొనడు. గుడి దగ్గర చెప్పులు పోతే శని వదిలిందని సంతోషిస్తూ ఉత్తకాళ్ళతో ఇంటికొస్తాడు. మరి ఆ చెప్పులు ఎత్తుకుపోయినవాడికి ఆ శని పట్టుకుంటుందా అంటే, "మీతో వాదించలేనండీ" అని బ్యాటు తీసుకుని బల్ల దగ్గరికి పోతాడు.

రెండేళ్ళ క్రితం నా పాత కాన్వాసు బూట్లు అడుగున నున్నగా అరిగిపోయాయి. కొత్తవి కొనాలన్నాను. "ఎప్పుడైనా కొనండి గాని శనివారం మాత్రం వద్దండీ" అన్నాడు మిత్రుడు. హేతువాద సంఘం సభ్యుడికి ఇలాంటి సలహా ఇస్తే ఏమవుతుందో మీకు తెలుసు. పట్టుబట్టి శనివారమే బయల్దేరాను. కుదిరితే రాహుకాలంలోనే కొందామనుకున్నాను. కాని శనివారం రాహుకాలం పొద్దున తొమ్మిది నుంచి పదిన్నర వరకు. ఆ షాపు తెరిచేది పదకొండింటికి.

అది పెద్ద షాపు. ఏసీ, గాజు తలుపులు, లోపల ఒక యంత్రం. బూట్లు విప్పి ఒక పలక మీద నిలబడమన్నారు. ఎదురుగా కంప్యూటరు తెర మీద నా పాదాలు ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో కనబడ్డాయి. టీషర్టు మీద 'ఫుట్ ఎక్స్‌పర్ట్' అని రాసి ఉన్న కుర్రాడు తెర చూసి, "మీవి చదును పాదాలు సార్. నడిచేటప్పుడు మడమ లోపలికి వాలుతోంది. దాన్ని సరిచేసే బూట్లు వేసుకోకపోతే ముందు ముందు మోకాళ్ళు పోతాయి" అన్నాడు. నాకు నిజంగా భయం వేసింది. రోజూ ఎంత దూరం పరుగెత్తుతారని అడిగాడు. పరుగు కాదు, టేబుల్ టెన్నిస్ ఆడతానన్నాను. "దానికీ ఇవే బెస్ట్ సార్, ఆల్ రౌండర్" అన్నాడు. మడమ కింద రెండు వేళ్ళ మందాన మెత్తటి నురుగు సోలు ఉన్న రన్నింగు బూట్లు. 8,000 రూపాయల చిల్లర. కట్టేసి వచ్చాను.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. ముప్ఫై ఏళ్ళుగా బడుల్లో, సంతల్లో మూఢనమ్మకాల గుట్టు విప్పే కార్యక్రమాలు చేస్తున్నాను. నిమ్మకాయ కోస్తే రక్తం కారడం కత్తికి రాసిన మిథైల్ ఆరెంజ్ పని అని పిల్లల చేతే చేయించి చూపించాను. నాలుక మీద కర్పూరం వెలిగించాను. "మీరు చెప్పేదానికి నిరూపణ ఏమిటి?" అని ఎంతమంది స్వాములను అడిగానో లెక్కలేదు. ఆ కుర్రాణ్ణి మాత్రం ఒక్క ప్రశ్న అడగలేదు. పాదం అచ్చు చూసి మోకాలి భవిష్యత్తు చెప్పడానికీ, అరచెయ్యి చూసి ఆయుష్షు చెప్పడానికీ తేడా ఏమిటని నాకు తట్టనే లేదు. ఎందుకు తట్టలేదంటే అక్కడ విభూది లేదు, కంప్యూటరు ఉంది.

ఐదు వారాలు బాగానే గడిచాయి. ఒక సాయంత్రం ఎదుటివాడు నన్ను బ్యాక్‌హ్యాండ్ మూలకి లాగి, తర్వాతి బంతి ఫోర్‌హ్యాండ్ వైపు దూరంగా వేశాడు. పక్కకి దూకాను. కుడి పాదం బయటి అంచు మీద పడింది. మెత్తటి సోలు ఆ అంచున నొక్కుకుపోయింది, పాదం లోపలికి మడత పడింది. ఎక్స్‌రే తీసి ఎముక విరగలేదు, లిగమెంటు సాగిందన్నారు. మూడు వారాలు కుర్చీలో కూర్చున్నాను. మిత్రుడు బత్తాయిలు తీసుకుని వచ్చాడు. బత్తాయిలు బల్ల మీద పెట్టకముందే, "చెప్పానాండీ, శనివారం వద్దని?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "శనివారం కాదు, సోలు! ఈ సోలు వల్ల పడ్డాను" అన్నాను. అతను వెళ్ళిపోయాక కూర్చుని ఆలోచిస్తే నా మాట కూడా అతని మాటకి అన్నదమ్ముడే అనిపించింది. అతనికి ఒక సంఘటన, ఒక కారణం. నాకూ ఒక సంఘటన, ఒక కారణం. నేను చెప్పిన కారణం జరగడానికి వీలున్నది, అతను చెప్పినది వీలులేనిది. అంతవరకు తేడా ఉంది, అది చిన్న తేడా కాదు. కాని వీలున్నంత మాత్రాన అలాగే జరిగిందని కాదు కదా. నాకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ రోజు నేల మీద దుమ్ముంది. అంతకుముందు రెండు గేములు ఆడి అలిసి ఉన్నాను. పాత కాన్వాసు బూట్లతోనే ఆడి ఉంటే పడేవాణ్ణి కాదని ఎవరు చెప్పగలరు? వాటి అడుగు నున్నగా అరిగిపోయిందనే కదా కొత్తవి కొన్నాను!

కాలు పైకి పెట్టుకుని కూర్చున్న ఆ మూడు వారాల్లో బూట్ల గురించి జరిగిన పరిశోధనలు చదివాను. ముందే చదివి ఉండాల్సింది.

పాదం ఆకారాన్ని బట్టి బూట్లు ఎంచుకోవాలన్న సూత్రం మీద అమెరికా సైన్యం పెద్ద ఎత్తున పరీక్షలు చేసింది. కొత్తగా శిక్షణకి వచ్చినవాళ్ళను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో పాదం వంపు ఎక్కువున్నవాళ్ళకి మెత్తటివి, మామూలు పాదాలవాళ్ళకి మధ్యరకం, చదును పాదాలవాళ్ళకి పాదాన్ని అదుపు చేసే గట్టి రకం ఇచ్చారు. అంటే మా షాపు కుర్రాడి సూత్రమే. రెండో గుంపులో పాదం ఎలా ఉన్నా అందరికీ ఒకే మధ్యరకం ఇచ్చారు. తర్వాత ఎవరికి ఎన్ని దెబ్బలు తగిలాయో లెక్కపెట్టారు. 2009లో సైన్యం ఫలితం, 2010లో వైమానిక దళం, మెరీన్ దళం ఫలితాలు వెలువడ్డాయి. వేలమంది మీద, మూడుసార్లు పరీక్షించినా, పాదం చూసి బూట్లు ఇచ్చినందువల్ల దెబ్బలు తగ్గలేదు. జాతకం చూసి పెళ్ళి చేసిన వెయ్యి జంటల్నీ, చూడకుండా చేసిన వెయ్యి జంటల్నీ పోల్చి చూడమని మనం అడుగుతుంటాం. జ్యోతిష్కులు ఒప్పుకోరు. ఇక్కడ ఆ పనే చేసి చూశారు.

తర్వాత ఖరీదు సంగతి. స్కాట్లండులోని డండీలో మూడు కంపెనీల రన్నింగు బూట్లను మూడు ధరల్లో తీసుకుని, వేసుకున్నవాళ్ళ అరికాలి మీద పడే ఒత్తిడిని కొలిచారు. 2008లో ప్రచురించారు. 40 పౌండ్లవి, 70 పౌండ్లవి మెత్తదనంలో గాని, సౌకర్యంలో గాని ధరకు తగ్గ తేడా చూపలేదు. 2022లో కోక్రేన్ సంస్థ అప్పటికి జరిగిన 12 ప్రయోగాలను, 11 వేల మందికి పైగా పాల్గొన్నవాటిని, ఒకచోట చేర్చి చూసింది. ఏ రకం రన్నింగు బూటు వల్లయినా దెబ్బలు తగ్గుతాయని నమ్మడానికి తగిన ఆధారం దొరకలేదు.

ఇక ప్రకటనల సంగతి. రీబాక్ కంపెనీ ఈజీటోన్ అనే బూట్లు అమ్మింది. మామూలు బూట్ల కంటే పిరుదుల కండరాలు 28 శాతం, పిక్కలూ తొడ వెనుక కండరాలూ 11 శాతం ఎక్కువ బిగువెక్కుతాయని ప్రచారం చేసింది. దశాంశం లేకపోయినా అంకె అంకే కదా, జనం నమ్మారు. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆధారం చూపమంది. చివరికి 2011లో రెండున్నర కోట్ల డాలర్లు కొనుగోలుదారులకు తిరిగి ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. మరుసటి ఏడు స్కెచర్స్ కంపెనీకి కూడా ఇలాంటి బూట్ల మీదే 4 కోట్ల డాలర్లు వదిలాయి. మన దగ్గర తాయత్తు అమ్మినవాడు ఎప్పుడైనా ఇలా డబ్బు వెనక్కి ఇచ్చాడా? ఆ మేరకు బూట్ల కంపెనీలే నయం. అయితే వాళ్ళు ఇచ్చింది మంచితనంతో కాదు, అడిగేవాడు ఒకడున్నాడు గనక.

ఇక్కడితో ఆగి "బూట్లన్నీ బూటకం" అని రాసేస్తే మా సంఘంలో చప్పట్లు పడతాయి. కాని అది కూడా తొందరపాటే. పై పరీక్షలన్నీ పరుగు గురించి. పరుగు వేరు, టేబుల్ టెన్నిస్ వేరు. కాబట్టి ఈ ఆటలో కాళ్ళు ఏం చేస్తాయో చూసి, దాన్నిబట్టి ఏది తగునో ఆలోచించాలి. నిరూపణ అంత గట్టిది కాదిది. కాని కళ్ళ ముందు కనబడేది, ఎవరైనా సరిచూసుకోగలిగినది.

పరుగెత్తేవాడు ముందుకే పోతాడు. ఎక్కువమందికి మొదట మడమ నేలకు తగులుతుంది, ఆ దెబ్బ వేలసార్లు పడుతుంది. అందుకని మడమ కింద నురుగు మందంగా పెడతారు. ఇప్పుడొస్తున్న వాటిలో అది 3 సెంటీమీటర్లు దాటడం మామూలే. టేబుల్ టెన్నిస్ బల్ల వెడల్పు 1.525 మీటర్లు. మనం ఎక్కువసేపు దాని వెనకాలే, అటో ఇటో, పక్కకే జరుగుతుంటాం. మోకాళ్ళు వంచి, బరువు పాదం ముందుభాగం మీద ఉంచి, చిన్న చిన్న అడుగులు. పక్కకి దూకి ఆగేటప్పుడు ఒళ్ళంతటి బరువూ పాదం బయటి అంచు మీద పడుతుంది. ఆ అంచు కింద మెత్తటి నురుగుంటే అక్కడ నొక్కుకుపోతుంది, నేల ఒకవైపు వాలినట్టవుతుంది. పైగా పాదం నేలకి ఎంత ఎత్తులో ఉంటే అంత తేలిగ్గా మడత పడుతుంది. నేల మీద నిలబడి పక్కకి వాలడం వేరు, పీట మీద నిలబడి వాలడం వేరు.

ఇంకో సంగతి. ఫోర్‌హ్యాండ్ టాప్‌స్పిన్ కొట్టేటప్పుడు కుడిచేతివాటం వాళ్ళకి కుడి కాలి మీదున్న బరువు ఎడమ కాలి మీదకి వస్తుంది, నడుము తిరుగుతుంది, దానితోపాటు పాదం నేల మీద కొంచెం తిరగాలి. సోలు జారితే పడతాం. మరీ పట్టేస్తే పాదం ఆగిపోయి పైనున్న మోకాలు మెలిక పడుతుంది. ఎంత పట్టు ఉంటే అంత మంచిదని అమ్మేవాళ్ళు చెబుతారు. కాదు, ఆగడానికి తగినంత, తిరగడానికి అడ్డం రానంత ఉండాలి. డెన్మార్కులో ఒక ప్రయోగం చేశారు, 2021లో వచ్చింది. అంతకుముందు చీలమండ బెణికిన 500 మందికి పైగా ఇండోర్ ఆటగాళ్ళలో కొందరి బూట్ల బయటి అంచుకి జారుడు పట్టీలు అతికించారు. ఎవరూ తగలకుండా వాళ్ళంతట వాళ్ళకే కాలు మడత పడే బెణుకులు అతికించుకున్నవాళ్ళలో తక్కువగా కనబడ్డాయి. తొలి ప్రయత్నమని వాళ్ళే చెప్పుకున్న పరీక్ష గనక దాని మీద ఇల్లు కట్టకూడదు. కాని పట్టు ఎక్కువైతే మంచిదే అన్న మాటని ప్రశ్నించడానికి సరిపోతుంది.

చీలమండ పైదాకా వచ్చే ఎత్తు బూట్లు కాపాడతాయనే మాటా ఉంది. 1993లో బాస్కెట్‌బాల్ ఆడే 622 మంది కాలేజీ విద్యార్థులకి ఎత్తువీ, పొట్టివీ ఇచ్చి చూశారు. బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒకసారి బెణికిన చీలమండ మళ్ళీ బెణికే అవకాశం ఎక్కువని మాత్రం గట్టిగా తెలుసు. ఒంటికాలి మీద నిలబడే సమతూకం వ్యాయామాలు చేస్తే అది తగ్గుతుందని కూడా పరీక్షల్లో తేలింది. దానికి ఖర్చు లేదు. నేను పళ్ళు తోముకునేటప్పుడు చేస్తున్నాను. మా ఆవిడ మొదట్లో కొంగ జపమంది, ఇప్పుడు అలవాటు పడింది.

ఇదంతా నా కాలు వరకైతే రాయాల్సినంత విషయం కాదు. మా క్లబ్బుకి ఒక పన్నెండేళ్ళ పిల్ల వస్తుంది. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో శరత్ కమల్, మన హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ కలిసి మిక్స్‌డ్ డబుల్స్ బంగారు పతకం గెలవడం టీవీలో చూసి ఆట మొదలుపెట్టింది. ఎడమచేతివాటం, మంచి చెయ్యి. తల్లి బట్టలు కుడుతుంది. నాన్న లేడు. నేను మళ్ళీ క్లబ్బుకి రావడం మొదలుపెట్టిన కొత్తలో ఆ తల్లి వచ్చి, "మాస్టారూ, మీరు పుస్తకాలు చదువుతారు కదా, ఒక మాట చెప్పండి. పిల్లకి విదేశీ బూట్లు లేకపోతే జిల్లా ఎంపికకి పంపినా లాభం లేదంటున్నారు కోచ్‌గారు. తెప్పిస్తానంటున్నారు. 11,000 అవుతాయట. చిట్టీ పాడదామనుకుంటున్నాను" అంది. పిల్ల పక్కనే నిలబడి నేల చూస్తోంది. కాళ్ళకి బడికి వేసుకెళ్ళే నల్ల బూట్లు. వాటి అడుగు గట్టి ప్లాస్టిక్కు.

అంతకు నెల ముందు 8,000 తగలేసి కాలు బెణికించుకున్నవాణ్ణి నేను. ఏ మొహం పెట్టుకుని సలహా చెప్పను? ముందు కోచ్‌తో మాట్లాడాను. అతను చెడ్డవాడు కాదు, పిల్లలకి బాగా నేర్పుతాడు. బూట్లలో అతనికేమైనా మిగులుతుందేమో నేను అడగలేదు. నిలదీస్తే అతను అన్న మాట ఇది: "సార్, మీరు చెప్పేవన్నీ నిజమే అనుకోండి. కాని ఛాంపియన్లు వేసుకునే బూట్లు వేసుకుంటే పిల్లకి కాన్ఫిడెన్స్ వస్తుంది. అదే సగం గెలుపు."

ఇది తేలిగ్గా కొట్టిపారేయాల్సిన వాదన కాదు. తాయత్తు కట్టుకునేవాళ్ళు కూడా ఇదే అంటారు. మహిమ లేకపోయినా ధైర్యం ఇస్తుంది కదా, మీకేం పోయింది అని. దీనికి ఒకప్పుడు సైన్సు మద్దతు కూడా దొరికినట్టే కనబడింది. 2010లో జర్మనీలోని కొలోన్ విశ్వవిద్యాలయం వాళ్ళు విద్యార్థుల చేత గోల్ఫ్ బంతిని గుంటలో వేయించారు. "ఇది అదృష్టం ఉన్న బంతి" అని చెప్పి ఇస్తే, చెప్పకుండా ఇచ్చినప్పటికంటే ఎక్కువ బంతులు గుంటలో పడ్డాయన్నారు. పత్రికలన్నీ రాశాయి. అప్పట్లో మా సంఘం సమావేశంలో ఒకాయన ఈ సంగతి లేవనెత్తితే జవాబు చెప్పలేక నీళ్ళు నమిలాను. ఆ పరీక్షలో ఉన్నది ఇరవై ఎనిమిది మంది. 2014లో అమెరికాలో వేరే పరిశోధకులు అంతకంటే చాలా ఎక్కువమందితో మళ్ళీ చేస్తే అదృష్టం బంతి ప్రభావం కనబడలేదు. కోచ్‌కి ఇది చెప్పాను. "గోల్ఫ్ వేరు, టీటీ వేరు సార్" అన్నాడు. నిజమే, పరుగు వేరు టీటీ వేరని నేనే అన్నాను కదా! కాని ఆ తేడా వల్ల తన మాటకి బలమెలా వస్తుందని అడిగాను. నవ్వాడు.

అయినా నాకు పట్టిన సంగతి వేరే ఉంది. చిట్టీ పాడి కొన్న బూట్లు పిల్లకి ధైర్యమిస్తాయా? ఓడిన ప్రతిసారీ అమ్మ కట్టే చిట్టీ గుర్తొస్తే? పైగా పన్నెండేళ్ళ పిల్ల పాదం ఏడాది తిరిగేసరికి ఒక సైజు పెరుగుతుంది. 11,000 అన్నది ఏడాదికి.

తల్లికి సెలవు ఆదివారమే గనక ముగ్గురం ఆదివారం వెళ్ళాం. శనితో నాకిక పంతం లేదు. ఈసారి ఏసీ షాపుకి కాదు, బస్టాండు పక్కన ఆటవస్తువులు అమ్మే పాత దుకాణానికి. బ్యాడ్మింటన్ బూట్లు చూపించమన్నాను. టేబుల్ టెన్నిస్‌కని ప్రత్యేకంగా బటర్‌ఫ్లై, మిజునో లాంటి కంపెనీలు చేసేవి బాగానే ఉంటాయి. వాటి సోలు పలచగా ఉంటుంది, పాదం ముందుభాగం బాగా వంగుతుంది. కాని చిన్న ఊళ్ళలో దొరకవు, ధర ఎక్కువ. బ్యాడ్మింటన్ బూట్లు వాటికి దగ్గరగా ఉంటాయి. పక్కకి కదిలే ఆటే కదా. లేతగోధుమరంగు గమ్ రబ్బరు సోలు నేలకి మరకలు చేయదు, చెక్క మీదా మ్యాటు మీదా పడుతుంది. ఎగిరి దూకే ఆట కాబట్టి మడమ కింద కాస్త ఎక్కువ మెత్తగా ఉంటుంది, అంతే. లాన్ టెన్నిస్ బూట్లు వద్దన్నాను. అవి సిమెంటు కోర్టుకి అరగకుండా చేసినవి, గట్టిగా బరువుగా ఉంటాయి.

అరడజను జతలు ముందు పెట్టించుకుని చూశాం. నేను చూసిన పద్ధతి ఎవరైనా చూడొచ్చు. సోలు బయటి అంచుని బొటనవేలితో గట్టిగా నొక్కాను. లోపలికి పోయేవి పక్కన పెట్టాను. రెండు చేతులతో బూటుని తడిగుడ్డ పిండినట్టు మెలితిప్పాను. గుడ్డలాగే తిరిగినవి కూడా పక్కన పెట్టాను. వేళ్ళ మొదట్లో వంగాలి, మధ్యలో వంగకూడదు. మడమ వెనక డొప్ప నొక్కితే గట్టిగా ఉండాలి. మిగిలింది మూడు జతలు. అక్కణ్ణుంచి నా తెలివి పనికిరాదు, పిల్ల పాదానికే తెలుస్తుంది. ఆడేటప్పుడు వేసుకునే మేజోళ్ళు వేసుకుని, సాయంత్రం పూట (పాదాలు అప్పటికి కొంచెం ఉబ్బుతాయి) దుకాణంలోనే బల్ల ముందు జరిగినట్టు అటూ ఇటూ పది నిమిషాలు జరిగింది. దుకాణదారు విసుక్కోలేదు, అదొక అదృష్టం. పక్కకి ఆగినప్పుడు పాదం బూటులో జారిపోతోందని రెండు జతలు వద్దంది. మూడోది బాగుందంది. మన దేశంలో చేసినదే, 1,450 రూపాయలు. సంవత్సరం తర్వాత పట్టేలా ఒక సైజు పెద్దది తీసుకుందామని తల్లి అడిగింది. పేదింటి బట్టలన్నీ అలాగే కొంటారు, ఆమె అడగడంలో తప్పులేదు. కాని వదులు బూటులో పాదం పక్కకి జారి మడత పడుతుంది. బట్టలకీ బూట్లకీ అక్కడ తేడా ఉందని చెప్పి ఒప్పించాను.

జిల్లా ఎంపికలో పిల్ల రెండో రౌండులో ఓడింది. బూట్ల వల్లే అన్నాడు కోచ్. ఓడించిన అమ్మాయి కాళ్ళకి కూడా ఆ జతే ఉందని నేను చూపించాను. అయితే దాన్నిబట్టి ఆ బూట్లు మంచివని నేనూ అనకూడదు, అనలేదు. చిట్టీ మాత్రం పాడలేదు. ఆ డబ్బులోంచే ఎంట్రీ ఫీజులు, బస్సు ఛార్జీలు వెళ్ళాయి.

ఇంత బూట్ల పురాణంలో అసలు దోషిని ఇంకా చెప్పలేదు. మా క్లబ్బు నేల పాలిష్ పట్టిన గ్రానైటు. అంతర్జాతీయ టేబుల్ టెన్నిస్ సమాఖ్య నిబంధనల్లో పోటీలు జరిగే నేల జారకూడదనీ, ఇటుక, పింగాణీ పలకలు, కాంక్రీటు, రాయి ఉండకూడదనీ ఉంది. అంటే మనం మన ఊళ్ళలో ఆడే చోట్లలో ఎక్కువ భాగం ఆ పనికి రానివే. రాయి అదరదు, దెబ్బంతా మోకాలికి తిరిగొస్తుంది. నున్నటి రాయి మీద సన్నటి దుమ్ము పడితే ఏ గమ్ రబ్బరైనా జారుతుంది. పెద్ద ఆటగాళ్ళు మధ్య మధ్యలో తడిగుడ్డ మీద బూటు అడుగు తుడుచుకోవడం చూసే ఉంటారు.

దీన్ని పరీక్షిద్దామని ఇంజనీరు మిత్రుణ్ణి కలుపుకున్నాను. రోజూ సాయంత్రం ఆట మొదలుకాకముందు నాణెం ఎగరేస్తాం. బొమ్మ పడితే నేల తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి ఆడతాం, బొరుసు పడితే ఊడ్చి వదిలేస్తాం. ఎవరెన్నిసార్లు జారారో అతను గీతలు గీస్తాడు. ఇరవై సాయంత్రాలు చేశాం. తుడిచిన రోజుల్లో గీతలు స్పష్టంగా తక్కువ. లోపాలున్నాయి. తుడిచింది లేనిదీ అందరికీ కనబడుతోంది, గీతలు గీసేది ఒక్కడే, జారడమంటే ఎంత జారడం అన్నది అతని ఇష్టం. ఇవన్నీ ముందుగా ఎత్తి చూపింది ఆ మిత్రుడే. శని గురించి కూడా ఇలాగే అడగొచ్చు కదా అన్నాను. "అది వేరండీ" అన్నాడు.

ఆ గీతల కాగితం జతచేసి, నేల మీద పరిచే మ్యాటు కొనమని క్లబ్బు కమిటీకి అర్జీ పెట్టాను. నిధులు లేవన్నారు. ఆ నెలలోనే దసరా వచ్చింది. ఆయుధపూజ చేశారు. బల్లలకి పసుపు కుంకుమలు, బ్యాట్లకి బొట్లు, పురోహితుడికి సంభావన, పులిహోర. క్లబ్బులో ఎవరికీ దెబ్బలు తగలకూడదని దిష్టి తీసి బూడిదగుమ్మడికాయ కొట్టారు. ఎక్కడ కొట్టారు? ఆ గ్రానైటు నేల మీదే, బల్లకి నాలుగడుగుల దూరంలో. గింజలు, జిగురు, కుంకుమ నీళ్ళు. మర్నాడు పొద్దున ఆటకి వచ్చిన కుర్రాడొకడు వెల్లకిలా పడ్డాడు. తలకి తగల్లేదు, మోచెయ్యి కొట్టుకుపోయింది. గుమ్మడికాయ కొట్టబట్టి అంతటితో పోయిందన్నాడు కమిటీ కార్యదర్శి.

మళ్ళీ అర్జీ పెట్టాను. ఈసారి పూజ ఖర్చు పద్దు, మ్యాటు ధర రెండూ పక్కపక్కన రాసి పెట్టాను. ఐదు దసరాల ఖర్చు కలిపితే ఒక బల్లకి సరిపడా మ్యాటు వస్తుంది. ఇంకా జవాబు రాలేదు. నాణెం ఎగరేయడం మానేశాం, రోజూ తుడుస్తున్నాం. ఆ పిల్ల, నేను, ఇంకో నలుగురు వంతులు వేసుకున్నాం. శనివారం వంతు ఇంజనీరు మిత్రుడిది. పాత లుంగీ ఒకటి బకెట్లో ముంచి, ప్యాంటు మడిచి, మూల నుంచి మొదలుపెడతాడు.